బతుకమ్మ నాటికి పూయాలి: న్యూజెర్సీ పెరట్లో మూడు శరత్తుల కేస్ స్టడీ

మధ్య న్యూజెర్సీలో, ఎడిసన్‌కు అరగంట దూరంలో ఉండే ఒక తెలుగు కుటుంబం 2023 ఫిబ్రవరిలో పెరటి తోట వేయించమని నన్ను పిలిచింది. భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు, ఏటా ఎండాకాలం కరీంనగర్ నుంచి వచ్చి చలి ముదిరేదాకా ఉండే అత్తగారు. కోడలికి కావలసింది ఇంగ్లండ్ పల్లెటూళ్లలో కనిపించే కాటేజ్ గార్డెన్. వరసలూ కొలతలూ లేకుండా పూలు, కూరగాయలు, మూలికలు ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ పెరిగే తోట అన్నమాట. అత్తగారు అడిగింది ఒక్కటే. "బతుకమ్మ నాటికి నా పెరట్ల పువ్వుండాలె బిడ్డా. దుకాణంల కొన్న పూలతోని ఎన్నేండ్లు పేర్చాలె?"

ఈ రెండు కోరికలూ ఒకే తోటలో కుదురుతాయని నాకు అప్పుడే అనిపించింది. పాత కాటేజ్ గార్డెన్ కూడా ఇంటికి పనికొచ్చే తోటే. అందులోని పువ్వు కోసుకోవడానికే ఉండేది.

అయితే ఇక్కడి ఇళ్లలో తోటలు జూన్‌లో వెలిగి ఆగస్టుకల్లా చల్లబడతాయి. కారణం మొక్కల్లో లేదు, కొనే పద్ధతిలో ఉంది. మే నెల ఎండలో నర్సరీకి వెళ్తాం. ఆ రోజు పూసి కళ్లకు కనిపించినవే బండిలో వేసుకుంటాం. అదే సమయంలో శరత్తులో పూసే ఆస్టర్, గోల్డెన్‌రాడ్ లాంటివి జానెడు పచ్చి ఆకుతో ఒక మూల ఉంటాయి, వాటిని ఎవరూ చూడరు. మళ్లీ సెప్టెంబర్‌లో పెరడు బోసిపోయిందని దిగులుపడి, విరగబూసిన చామంతి కుండీలు కొని నాటుతాం. పువ్వుకు శక్తినంతా పెట్టేసిన ఆ మొక్క కొత్త మట్టిలో వేరు దింపుకునేలోపే నేల గడ్డకడుతుంది. వసంతంలో చూస్తే ఎండుపుల్ల. ఈ ఇంట్లోనూ ఏళ్లుగా జరిగింది ఇదే. అందుకే శరత్తులో పూసే చామంతితో సహా పెరెన్నియల్స్ అన్నీ ఏప్రిల్, మే నెలల్లోనే నేలలో పడాలని మొదటే చెప్పాను. పైభాగం చలికి ఎండినా వేరు బతికి ఏటా చిగురించే మొక్కలకు, తొలి వేసవి అంతా వేరు పెంచుకోవడానికి దొరకాలి.

తేదీ మారే పండుగ

ఈ కేసులో అసలు చిక్కు క్యాలెండర్. పండుగ మొదటి రోజైన ఎంగిలిపూల బతుకమ్మ భాద్రపద అమావాస్య నాడు వస్తుంది. 2023లో అధిక శ్రావణం వచ్చింది కాబట్టి అది అక్టోబర్ 14న పడింది. 2024లో అక్టోబర్ 2. 2025లో సెప్టెంబర్ 21. చివరి రోజైన సద్దుల బతుకమ్మ దాకా లెక్కేస్తే సెప్టెంబర్ మూడో వారం నుంచి అక్టోబర్ నాలుగో వారం వరకు ఏ రోజైనా పువ్వు కావలసి రావచ్చు. ఇంగ్లండ్‌లో సెప్టెంబర్ 29న సెయింట్ మైకేల్ పండుగ. అక్కడ ఆస్టర్లు ఏటా ఆ రోజుల్లోనే పూస్తాయి, ఆ తేదీ కదలదు. మనది చంద్రుడి లెక్క. పువ్వుది రాత్రి పొడవు లెక్క.

రాత్రి ఒక స్థాయికి మించి సాగితే తప్ప చామంతి మొగ్గ వేయదు. ఆస్టర్, పొడుగు బంతి, గునుగు కూడా రాత్రులు పెరిగేకొద్దీ పూతకు వస్తాయి. అమెరికా వ్యవసాయ శాఖలో పనిచేసిన గార్నర్, అలార్డ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఈ సంగతిని 1920లో ప్రకటించారు. మేరీలాండ్ మామత్ అనే పొగాకు రకం ఎండాకాలమంతా ఎత్తు పెరుగుతూనే ఉండి పూయకపోవడం వాళ్లను ఆలోచనలో పడేసింది. పగటి పొడవును తగ్గించి చూస్తే అదే మొక్క పూసింది. హైదరాబాద్‌లో జూన్ పగలు పదమూడు గంటల పైచిలుకు. ఇక్కడ పదిహేను. మన ఊళ్లో ఫలానా నెలలో విత్తితే ఫలానా నెలలో పూస్తుందనే అనుభవం ఇక్కడికి అలాగే తెచ్చుకుంటే లెక్క తప్పుతుంది. ఇక్కడి తెలుగువాళ్లకు ఇది గోంగూర విషయంలో తెలిసిందే. ఎండాకాలమంతా పువ్వు జోలికి పోకుండా ఆకు మీద ఆకు ఇస్తుంది. సెప్టెంబర్ చివర, అక్టోబర్‌లో మొగ్గ వేస్తుంది, గింజ ముదిరేలోపు చలికి పోతుంది.

కాబట్టి "బతుకమ్మకు పూసే మొక్క" అని ఒకదాన్ని వెతకడం దండగ. పూతకాలాలు ఒకదాని మీద ఒకటి పడేలా నాలుగైదు రకాలు ఎంచుకుని, వాటిని కత్తిరించే తేదీ, విత్తే తేదీ పండుగను బట్టి ఏటా మార్చుకోవాలి. ఈ తోట మొత్తం ఆ ఒక్క ఆలోచన మీద నిలబడింది.

నీడ కొలిచిన తర్వాతే గీత

పెరడు ఇంటికి ఉత్తరాన ఉంది. కోడలు ఇంటి వెనక చెక్క అరుగును (డెక్‌ను) ఆనుకునే పూలమడి కావాలన్నారు, వంటింటి కిటికీలోంచి కనబడుతుందని. జూన్‌లో చూస్తే అక్కడ మంచి ఎండే. కానీ మనకు కావలసింది అక్టోబర్ ఎండ. ఈ అక్షాంశంలో మధ్యాహ్నం సూర్యుడు జూన్ 21న దాదాపు 73 డిగ్రీల ఎత్తులో ఉంటాడు. సెప్టెంబర్ 22న అది 49 డిగ్రీలకు, అక్టోబర్ 20 నాటికి 39 డిగ్రీలకు దిగుతుంది. ఇంటి కప్పు ఎత్తు 25 అడుగులు అనుకుంటే నట్టమధ్యాహ్నపు నీడ జూన్‌లో ఏడెనిమిది అడుగులు, సెప్టెంబర్ చివర 21 అడుగులు, అక్టోబర్ మూడో వారంలో 30 అడుగులు. అంటే మేలో ఎండ చూసి వేసిన మడి, తీరా పువ్వు విచ్చుకునే రోజుల్లో పూర్తిగా నీడలో పడిపోతుంది. శరత్తు తోటలు విఫలమవడానికి ఇంతకన్నా పెద్ద కారణం నేను చూడలేదు. ఇంటి ఎత్తు, దిక్కు తెలిస్తే కాగితం మీదే తేలిపోయే లెక్క ఇది, ఎవరైనా వేసుకోవచ్చు.

అందుకని ప్రధాన మడిని ఇంటికి 45 అడుగుల దూరంలో, వెనక కంచె వెంబడి వేశాం. ముప్పై అడుగుల పొడవు, ఎనిమిది అడుగుల వెడల్పు. అంత వెడల్పు ఎందుకని ఇంటాయన అడిగారు. అడుగున్నర మడిలో ఒకే వరస పడుతుంది, ఆ వరస పూత అయిపోతే మడి అయిపోయినట్టే. వెనక పొడుగువి, మధ్యలో నడుమెత్తువి, ముందు పొట్టివి ఉంటేనే ఒకటి వాడినప్పుడు దాని ముందున్నది ఆ ఖాళీని కప్పుతుంది. కోడలి కిటికీ కోరిక కూడా వదల్లేదు. డెక్ పక్కన నీడకు ఓర్చే జపనీస్ అనిమోన్‌లు పెట్టాం. 1858లో ఫ్రాన్స్‌లో దొరికిన 'ఓనరీన్ జోబేర్' అనే తెల్లపూల రకం అది. ఆగస్టు చివర నుంచి అక్టోబర్ దాకా సన్నటి కాడల మీద పూస్తుంది, పొద్దుగుంకే వేళ ఆ తెలుపు కిటికీలోంచి ఇంకా బాగా కనిపిస్తుంది.

నేల సంగతి. ఇల్లు కట్టినప్పుడు పైమట్టి గోకేసి, మిగిలిన బంకమట్టిని యంత్రాలతో తొక్కించి, మీద పల్చగా లాన్ పరిచారు. అడుగు లోతు గుంట తీసి నీళ్లు నింపి, అవి ఇంకాక మళ్లీ నింపి చూస్తే గంటకు అర అంగుళం కూడా దిగలేదు. ఈ ప్రాంతం జోన్ 7ఏ, అంటే చలికాలంలో మైనస్ 15 నుంచి మైనస్ 18 డిగ్రీల సెల్సియస్ దాకా పోవచ్చు. చామంతి, దళసరి ఆకుల సెడం మొక్క ఆ చలికి ఓర్చుకుంటాయి. వేర్ల చుట్టూ జనవరి నీళ్లు నిలిస్తే మాత్రం కుళ్లిపోతాయి. రట్గర్స్ యూనివర్సిటీ మట్టి పరీక్షా కేంద్రానికి నమూనా పంపితే పులుపు ఎక్కువగా ఉందని, సున్నం వేయాలని వచ్చింది. వాళ్లు చెప్పిన మోతాదు సున్నం, మూడంగుళాల ఆకు కంపోస్ట్ కలిపి, మడిని చుట్టుపక్కల నేల కంటే ఎనిమిది అంగుళాలు ఎత్తు చేశాం. ఇక్కడ చాలా టౌన్‌షిప్‌లు శరత్తులో పోగుచేసిన ఆకుల కంపోస్ట్‌ను ఊరివాళ్లకు ఉచితంగానో కొద్ది ధరకో ఇస్తాయి. ముందు అక్కడ అడిగాకే సంచులు కొనాలి.

తంగేడు లేని చోట

మొక్కల జాబితా అత్తగారితో కూర్చుని రాసుకున్నాను. తంగేడు, గునుగు, బంతి, చామంతి, కట్లపూలు, గుమ్మడి పువ్వు. ఆమె చెప్పిన వరస అదే.

తంగేడు ఇక్కడి చలికి బతకదు. దాని చుట్టం ఒకటి మాత్రం ఈ నేలదే ఉంది, సెన్నా హెబెకార్పా. తూర్పు అమెరికాలో సహజంగా పెరిగే పెరెన్నియల్. తంగేడు లాంటి ఆకు, తంగేడు లాంటి పసుపు పువ్వు. ఫోటో చూపిస్తే ఆమె ముఖం విప్పారింది. అయితే ఇది జూలై, ఆగస్టుల్లో పూసేస్తుంది, పండుగ నాటికి కాయలే మిగులుతాయి. అయినా కంచె దగ్గర రెండు నాటించాను. పండుగకు పనికిరాకపోయినా ఎండాకాలంలో ఆమె కళ్లముందు ఉండాలని నాకు అనిపించింది. సల్ఫర్ అనే పసుపు సీతాకోకచిలుకలు దాని మీద గుడ్లు పెడతాయి.

పళ్లెంలో తంగేడు స్థానాన్ని గోల్డెన్‌రాడ్‌కు ఇచ్చాం. 'ఫైర్‌వర్క్స్' రకం, సెప్టెంబర్ మధ్య నుంచి అక్టోబర్ మధ్య దాకా పూస్తుంది. సన్నటి పసుపు రెమ్మలు, కోశాక రెండు మూడు రోజులు వాడవు. రోడ్ల పక్కన కనిపించే కెనడా గోల్డెన్‌రాడ్‌లా నేలకింద పరుగులు తీసి తోటనంతా ఆక్రమించదు. కోడలు మాత్రం భయపడ్డారు, పిల్లాడికి సెప్టెంబర్‌లో తుమ్ములు ఎక్కువని. ఈ నింద గోల్డెన్‌రాడ్‌ది కాదు. దాని పుప్పొడి బరువుగా, జిగటగా ఉంటుంది, తేనెటీగ కాలికి అంటుకుని పోవలసిందే. గాలిలో ఎగిరి ముక్కులోకి వచ్చేది రాగ్‌వీడ్ అనే కలుపు మొక్క పుప్పొడి. ఆకుపచ్చటి పువ్వు కావడంతో అది ఎవరి కంటా పడదు, అదే సమయంలో పసుపుగా మెరిసే గోల్డెన్‌రాడ్ మీదికి తప్పు పోతుంది. కంచె అవతల రాగ్‌వీడ్ ఎక్కడుందో చూపించి, అది పూయకముందే ఆగస్టు మొదట్లో పీకించాం.

గునుగు దగ్గర ఆమె పట్టుదల చూశాను. ఊరి నుంచి గింజలు తెస్తానన్నారు. నాటే విత్తనాలు అమెరికాలోకి రావాలంటే మామూలుగా ఫైటోశానిటరీ సర్టిఫికెట్, అంటే తెగుళ్లు లేవని పంపే దేశం ఇచ్చే పత్రం, ఉండాలి. లేకుండా సూట్‌కేస్‌లో పెట్టుకొస్తే విమానాశ్రయంలో తీసేసుకుంటారు, చెప్పకుండా దాస్తే జరిమానా పడుతుంది. అవసరమూ లేదు. గునుగు సెలోషియా అర్జెంటియా. 'ఫ్లమింగో ఫెదర్' పేరుతో ఇక్కడి విత్తన కంపెనీలే అమ్ముతాయి. గులాబీ మొదలై కిందికి తెల్లబడే కంకి, అచ్చం పొలం గట్టు మీది గునుగే. ఇది ఒక్క ఏడాది మొక్క. ఇంట్లో చిన్న ట్రేలో ముందే మొలిపించి ఎక్కువ రోజులు ఉంచితే వేర్లు చుట్టుకుపోయి జానెడు ఎత్తులోనే కంకి వేసేస్తుంది. జూన్ మొదటి వారంలో, నేల బాగా వేడెక్కాక నేరుగా విత్తించాను. సెప్టెంబర్ మధ్యకల్లా నడుమెత్తు పెరిగి కోతకొచ్చింది.

ఇక వెనక వరసలో న్యూ ఇంగ్లండ్ ఆస్టర్, మధ్యలో సెడం 'ఆటమ్ జాయ్', ముందు అరోమాటిక్ ఆస్టర్ 'అక్టోబర్ స్కైస్', చామంతుల్లో సెప్టెంబర్ చివర విచ్చుకునే పసుపు రకం ఒకటి, అక్టోబర్ మధ్య దాటాక వచ్చే 'షెఫీల్డ్ పింక్' ఒకటి. ఆగస్టు వెలితిని పూడ్చడానికి రడ్‌బెకియా 'గోల్డ్‌స్టర్మ్', జో పై అనే మరో పూలమొక్క. కంచె మీదికి గుమ్మడి తీగ. ఖాళీ ఉన్నచోటల్లా మిరప, గోంగూర, బంతి.

గులాబీ నుంచి ఇటుక రంగుకు మారే సెడం గుత్తులను చిన్న చిన్న రెమ్మలుగా విరిస్తే బతుకమ్మ వరసలకు చక్కగా కుదురుతాయి. ఆస్టర్‌తో ఆ సుఖం లేదు. న్యూ ఇంగ్లండ్ ఆస్టర్ సాయంత్రమయ్యేసరికి రేకులు ముడుచుకుంటుంది, కోసిన పువ్వు ఇంకా త్వరగా. బతుకమ్మ ఆడేదేమో సాయంత్రం. కాబట్టి ఆస్టర్ కళ్లకు, తేనెటీగలకు, మెక్సికో వైపు దక్షిణానికి పోయే మోనార్క్ సీతాకోకచిలుకలకు. రాష్ట్రపు దక్షిణ కొసన ఉన్న కేప్ మే మీదుగా వలస పోయే ఆ గుంపుల్లోంచి సెప్టెంబర్ చివర ఈ పెరట్లోకీ కొన్ని దిగుతాయి. పళ్లెంలో పేర్చడానికి గునుగు, బంతి, చామంతి, గోల్డెన్‌రాడ్, సెడం.

2023: వానలు, లైటు

తొలి ఏడాది పెరెన్నియల్స్ ఎలాగూ చిన్నవే. బరువంతా బంతి, గునుగుల మీద పెట్టాం. మే చివర ఆస్టర్ దుబ్బుల్లో సగం వాటిని సగం ఎత్తుకు కత్తిరించి, మిగతా సగాన్ని వదిలేశాను. లండన్‌లో చెల్సీ పూల ప్రదర్శన జరిగే రోజుల్లో చేసే పని కాబట్టి తోటపనివాళ్లు దీన్ని చెల్సీ చాప్ అంటారు. కత్తిరించిన మొక్క పొట్టిగా, గుబురుగా పెరిగి, రకాన్ని బట్టి వారం నుంచి రెండు మూడు వారాలు ఆలస్యంగా పూస్తుంది. ఒకే రకం మొక్కతో రెండు పూతకాలాలు వస్తాయి. పైసా ఖర్చు లేదు.

ఆ సెప్టెంబర్‌లో ఒఫీలియా తుపాను తోక ఇటు తగిలింది. మళ్లీ 29న న్యూయార్క్ వీధులు మునిగేంత వాన. కత్తిరించని ఆస్టర్లు పూతతో బరువెక్కి నేలకు వాలిపోయాయి. కత్తిరించినవి నిలబడ్డాయి, పండుగ మొదలయ్యే నాటికి ఇంకా పూలతో ఉన్నాయి. 'అక్టోబర్ స్కైస్' అప్పుడే అందుకుంది. బంతి, గునుగు పుష్కలం.

చామంతి దగ్గర మాత్రం వింత కనిపించింది. పసుపు చామంతిని మడికి రెండు కొసల్లోనూ పెట్టాం. ఒకే నర్సరీ, ఒకే రోజు నాటినవి, ఒకే ఎరువు, ఒకే నీరు. పడమటి కొసన ఉన్నవి అక్టోబర్ మొదటి వారంలోనే విచ్చుకున్నాయి. తూర్పు కొసన, షెడ్ పక్కన ఉన్నవి పచ్చగా, బలంగా, అందరికన్నా ఆరోగ్యంగా ఉన్నాయి. మొగ్గ మాత్రం గింజంత. ఇంటివాళ్లు ఎరువు చాలలేదనుకుని పూతకు వాడే భాస్వరం ఎరువు కొనుక్కొచ్చారు. నేను వేయనివ్వలేదు. ఎరువు లోపం ఉంటే ఆకు చెప్పేది. రెండు కొసలకూ తేడా ఒక్కటే ఉంది, రాత్రి. ఆగస్టు మొదట్లో జంతువుల భయంతో షెడ్ గోడకు ఎల్ఈడీ ఫ్లడ్‌లైట్ పెట్టించారు. సాయంత్రం దానంతట అదే వెలిగి తెల్లవారేదాకా ఉంటుంది. చీకటి పడ్డాక వెళ్లి చూస్తే ఆ చామంతుల నీడలు కంచె మీద స్పష్టంగా పడుతున్నాయి. మొక్క లెక్కలో ఆ కొసన ఇంకా ఎండాకాలం ముగియలేదు.

చామంతికి రాత్రి మధ్యలో పడే కొద్ది వెలుతురే చాలు, చీకటి లెక్క మళ్లీ మొదటికి వస్తుంది. బెంగళూరు, హోసూరు వైపు పాలీహౌస్‌లలో రైతులు రాత్రి బల్బులు వెలిగించి చామంతి పూతను కావాలనే వెనక్కి జరుపుతారు. అదే పని ఇక్కడ తెలియకుండా జరిగింది. మనిషి కదిలితేనే వెలిగే సెన్సర్ పెట్టించి, వెలుతురు నేల మీదికే పడేలా లైటుకు రేకు తొడుగు వేయించాం. ఆ ఏటి పూతకు అది అందలేదు. మీ చామంతి గుబురుగా ఉండి కూడా పూయకపోతే ఎరువు సంచి ముట్టుకునే ముందు రాత్రి పదింటికి ఒకసారి పెరట్లోకి వెళ్లి చూడండి. వీధిలైటు, వాకిలి లైటు, పక్కింటి గ్యారేజ్ లైటు, ఏదైనా కావచ్చు.

2024: పొడి

మరుసటి ఏడాది లైటు సెన్సర్ మీద ఉంది. రెండు కొసల చామంతులూ ఒకే వారంలో విచ్చుకున్నాయి. నాకు కావలసిన రుజువు దొరికింది.

ఆ ఏడాది పరీక్ష నీళ్లది. అక్టోబర్ 2024లో చినుకు పడలేదనే చెప్పాలి. 1895 నుంచి ఉన్న రికార్డుల్లో న్యూజెర్సీలో అంత పొడి నెల మరొకటి లేదు. నవంబర్‌లో రాష్ట్రం కరువు హెచ్చరిక ఇచ్చింది. నేల మీద కప్పిన మల్చ్ పొర కింద డ్రిప్ పైపు ముందే వేసి ఉండటంతో మడి నిలబడింది. అయినా తేడాలు కనిపించాయి. జో పై ఆకులు అంచుల వెంబడి మాడాయి. అనిమోన్‌లు మధ్యాహ్నానికి తల వేలాడేశాయి, వాటికి మాత్రం సాయంత్రం పైపుతో విడిగా నీళ్లు పెట్టాలి. గోల్డెన్‌రాడ్, అరోమాటిక్ ఆస్టర్ అసలు పట్టించుకోలేదు. మొదటి ఏడాది నీళ్లు జాగ్రత్తగా పెట్టి వేరు లోతుకు దింపుకోనిస్తే ఆ రెండూ తర్వాత మన మీద ఆధారపడవు. జో పైని తీసేసి ఆ చోట హెలీనియం అనే పూలమొక్క పెట్టే ఆలోచన వచ్చింది. అదీ తడి కోరేదే కాబట్టి మానేసి, గోల్డెన్‌రాడ్ దుబ్బునే విడదీసి అక్కడ నాటాం.

జింకలు ఆ ఏడాదే లోపలికొచ్చాయి. బయట మేత ఎండిపోవడమే కారణమై ఉంటుంది. ఆరడుగుల కంచెను సులువుగా దాటి సెడం గుత్తులు, ఆస్టర్ మొగ్గలు తిన్నాయి. బంతి ముట్టుకోలేదు, అరోమాటిక్ ఆస్టర్ కూడా. ఇక్కడ జింకల కోసం అమ్మే స్ప్రేలలో చాలావాటిలో గుడ్డు ఉంటుంది. గౌరమ్మ ముందు పెట్టే పువ్వు మీద ఆ నీళ్లు చల్లడానికి అత్తగారు ఒప్పుకోలేదు, ఆ మాటకు నేనూ ఎదురు చెప్పలేదు. ఆగస్టు చివర నుంచి అక్టోబర్ ఆఖరు దాకా మడి చుట్టూ ఏడడుగుల నల్లటి వల కట్టాం. నాలుగు అడుగుల దూరంలో నిలబడితే అది కంటికి ఆనదు.

2025: ముందొచ్చిన పండుగ

సెప్టెంబర్ 21 అంటే ఈ తోటకు కష్టమైన తేదీ. ఆలస్యం చేయడం మన చేతిలో పని, తొందరపెట్టడం అంత తేలిక కాదు. ఆ ఏడాది ఆస్టర్లను అసలు కత్తిరించలేదు, బదులుగా జూన్‌లోనే వెదురు కర్రలు, తాడు కట్టి దన్ను ఇచ్చాం. చామంతి కొసలు తుంచడానికి ఇక్కడ జూలై 4 ఆఖరి గడువుగా పాటిస్తారు, అదీ పూతను వెనక్కి జరిపేదే కాబట్టి మేము జూన్ మధ్యలోనే ఆపేశాం. బంతిని మే చివరే విత్తాం.

ఎంగిలిపూల నాటికి గునుగు, బంతి నిండుగా ఉన్నాయి. సెడం గులాబీ రంగు మీదుంది, గోల్డెన్‌రాడ్ అప్పుడే మొదలైంది. ఆస్టర్లు విరగబూశాయి. నేలలోని పసుపు చామంతి సద్దుల నాటికి గానీ విచ్చుకోలేదు. అది ముందే ఊహించి, జూలై మధ్య నుంచి పెద్ద కుండీల్లోని రెండు చామంతులను పిల్లల చేతికి అప్పగించాం. సాయంత్రం ఆరింటికి చక్రాల పలక మీద గ్యారేజ్‌లోకి తోసి లైటు ఆర్పేయాలి, పొద్దున ఎనిమిదింటికి బయటికి తేవాలి. పద్నాలుగు గంటల చీకటి, ఒక్క రాత్రి కూడా తప్పకుండా, మొగ్గ రంగు కనిపించేదాకా. పిల్లలు తప్పలేదు. ఆ రెండు కుండీలూ పండుగకు వారం ముందే పూశాయి. మొదటి బతుకమ్మలో చామంతి వరస వాటిదే. పిల్లలిద్దరూ ఆ వరసను తమ చేతులతోనే పేర్చారు.

ఆరో రోజు అలిగిన బతుకమ్మ, పేర్చరు. మిగతా రోజులకు రోజూ కోత కావాలి కాబట్టి గునుగు ప్రధాన కంకిని ముందుగా కోసేస్తే పక్క కొమ్మలు వెంటనే అందుకుంటాయి. బంతి కూడా అంతే. సద్దుల నాడు అసోసియేషన్ వాళ్ల స్కూల్ హాల్లో ఆడి, ఇంటికొచ్చి పెరట్లో నీళ్ల తొట్టిలో నిమజ్జనం చేస్తారు. తర్వాత పూలన్నీ కంపోస్ట్ గుంతలోకి. ఆ కంపోస్ట్ వేసిన చోటల్లా వసంతంలో గునుగు తనంతట తానే మొలుస్తోంది. ఎక్కడ ఉంచాలో ఎక్కడ పీకాలో మేలో అత్తగారు వీడియో కాల్‌లో చూసి చెబుతారు.

చలికాలం పని తక్కువ. చామంతి కాడలను శరత్తులో నేలమట్టానికి కోయకూడదు. ఆ ఎండు కాడలు ఆకులను, మంచును పట్టి ఉంచి వేరును కాపాడతాయి. నేల గడ్డకట్టాక ఆకుల మల్చ్ కప్పితే, గడ్డకట్టి కరిగే క్రమంలో దుబ్బులు పైకి లేచిపోవు. ఏప్రిల్‌లో కోత. రెండు మూడేళ్లకోసారి వసంతంలో చామంతి దుబ్బును విడదీసి, మధ్యలో ముదిరిన మోడు పారేసి, అంచుల్లోని లేత పిలకలు నాటాలి. మమ్మల్ని ఎవరైనా మొక్కలు అడిగితే అప్పుడే ఇస్తాం, ఆ వీధిలో ఇప్పటికే మూడిళ్లలో ఈ చామంతే ఉంది.

2026లో అధిక జ్యేష్ఠం వస్తుంది, ఎంగిలిపూలు అక్టోబర్ 10న. ఇంటివాళ్లకు ఇచ్చిన కాగితంలో రాసింది ఇది: వెనక ఆస్టర్లలో సగం మే ఆఖరి వారంలో, మిగతా సగం జూన్ రెండో వారంలో కత్తిరించాలి. చామంతి కొసలు జూలై 4 దాకా తుంచవచ్చు. గునుగు జూన్ మొదటి వారంలో కొంత, చివరి వారంలో కొంత. బంతి జూన్ మధ్యలో. జూలై 15 నుంచి షెడ్ లైటు సెన్సర్ మీద ఉందో లేదో వారానికోసారి రాత్రిపూట చూడాలి. అక్టోబర్ 10 తర్వాత ఏ రాత్రైనా సున్నా డిగ్రీల దగ్గరికి పోతుందని వాతావరణ శాఖ చెబితే, బంతి, గునుగుల మీద పాత దుప్పట్లు కప్పి పొద్దున తీసేయాలి. ఆస్టర్, చామంతి, గోల్డెన్‌రాడ్‌కు దుప్పటి అక్కర్లేదు.